పదహారు గళ్ళలో తొమ్మిది

మాఘమాసం చివర్లో ఒక మంగళవారం ఉదయం, విజయనగరంలో ఒక ఆసుపత్రిలో మా ఆవిడ పోయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము. పదకొండు రోజులు ఉంది. తెలియవలసిన వాళ్ళకి ఫోన్లో చెప్పాను. చాలామంది "సంగీతం టీచరుగారా?" అన్నారు. కొందరు "ఆ మీటల పెట్టె ఆవిడా?" అన్నారు. రెండూ ఆమే.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని శిష్యులు అడిగారు. నాకు రాత అలవాటు లేదు. విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్ళు చేశాను. లైను ఎక్కడ తెగిందో, ఎప్పుడు కలిపామో పుస్తకంలో రాయడం ఒక్కటే తెలుసు. అలాగే రాస్తాను.

ఆమెది సాలూరు దగ్గర ఒక గుడిమేళం ఇల్లు. తండ్రి సన్నాయి, అన్న డోలు. ఆడపిల్ల చేతికి సన్నాయి ఇవ్వలేదు, సుతిపెట్టె ఇచ్చారు. తండ్రి సాధన చేసినంతసేపూ పక్కన కూర్చుని ఆ తిత్తి ఒత్తుతూ ఉండాలి. ఒకటే స్వరం, గంటల తరబడి. "నాను సదువుకున్న మొదటి బడి అదే. కదలకుండా ఉండడం అక్కడే నేర్సుకున్నాను" అనేది. తర్వాత గాత్రం నేర్చుకుంది, బడిలో సంగీతం టీచరయింది. నెల్లిమర్లలో ఇల్లు కట్టుకున్నాం. పిల్లలు లేరు. సాయంత్రాలు నేర్చుకునేవాళ్ళు వచ్చి వెళ్ళేవారు.

యాభై దాటాక ఆమె గొంతు బొంగురుపోయింది. డాక్టర్లు పాడవద్దన్నారు. పాఠాలు మానలేదు కానీ పాడటం మానేసింది. వంటింట్లో కూనిరాగం కూడా ఆగిపోయింది. ఆ ఏడాది ఇల్లు ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. కుక్కరు కూత, ఊళ్ళో జూటు మిల్లు కూత, అంతే.

ఆ తర్వాత విశాఖపట్నంలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించే ఒకాయన తన పాత సింథసైజరు అమ్ముతున్నాడని విని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. అనలాగ్ రకం. మీటలు తక్కువ, తిప్పే గుండీలు ఎక్కువ. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"దీన్లో కంప్యూటరు నేదంటండీ. కరెంటే పాడతాదంట."

"కరెంటు పాడ్డమేటే?"

"ఏటోనండి. ముప్పై ఏళ్ళు తీగలమ్మట తిప్పినారు, ఒక్క రోజైనా పాడించినారా మీరు?"

ఏడాది తిరగకుండా రెండోది వచ్చింది. ఆపైన కొరియర్లో స్టెప్ సీక్వెన్సర్ వచ్చింది. దాని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆమె చివరి ఆరేళ్ళూ దాని ముందే గడిచాయి.

అది టిఫిన్ డబ్బా మూతంత పెట్టె. మీద ఒక వరుసలో పదహారు మీటలు. ఒక్కో మీట ఒక అడుగు. ఏ అడుగులో ఏ స్వరం మోగాలో, ఎక్కడ ఊరుకోవాలో ముందే నింపి పెట్టాలి. పెట్టెకి సొంత గొంతు లేదు. వైరు ద్వారా పక్కనున్న సింథసైజరుకి చెబుతుంది, అది పాడుతుంది. ఒక చిన్న ఎర్ర దీపం మొదటి మీట నుంచి పదహారో మీట దాకా నడుస్తుంది. మళ్ళీ మొదటికి వస్తుంది. మనం ఆపేదాకా ఆగదు.

మొదటిసారి అది నడిచినప్పుడు మా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు చూసి, "మా నాన్న కనిపిస్తన్నాడండీ దీన్లో. కాకపోతే ఈయన అలిసిపోడు" అంది.

ఈ యంత్రాలతో నాకు రెండు పనులు పడ్డాయి. మొదటిది, రాత్రి ఆపేసిన సింథసైజర్లని పొద్దున్నే ముందుగా వేసి పెట్టడం. అనలాగ్ వాటికి వేడెక్కేదాకా శ్రుతి నిలవదు. ఆమె ఐదున్నరకి కూర్చుంటే నేను ఐదింటికే స్విచ్ వేయాలి. మరిచిపోతే, "సల్లటి గొంతుతో పాడమంటే ఎవరు పాడతారండీ?" అనేది. ఆ మాట అన్నాక చెయ్యి తన గొంతు మీదికి వెళ్ళేది.

రెండోది గొయ్యి. యంత్రాలు ఇంటికి వచ్చిన కొత్తలో స్పీకర్లోంచి సన్నగా ఒక గుంయ్ మనే శబ్దం వచ్చేది. నాకు వినపడేది కాదు. ఆమెకి వినపడేది. సుతిపెట్టె దగ్గర పెరిగిన చెవి.

"అది కరెంటోళ్ళ సుతి. నాకొద్దు. నా సుతి నాను ఎట్టుకుంటాను. మీ డిపార్టుమెంటుని ఊరుకోమనండి."

ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదని నాకు తెలుసు. ఊరందరికీ చెప్పేవాణ్ణి, మా ఇంటికి చేసుకోలేదు. పెరట్లో గొయ్యి తవ్వించి, పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేశాను. శబ్దం పోయింది. ఎండాకాలం మట్టి ఎండితే మళ్ళీ వస్తుంది, అందుకని రోజూ రెండు బకెట్లు నీళ్ళు పోయాలి. ఆమె మల్లెపాదుకి నీళ్ళు పోయమని నన్ను ఎప్పుడూ అడగలేదు. గొయ్యికి పోశారా అని రోజూ అడిగేది. పక్కింటివాళ్ళు ఆ గోతిలో ఏం మొక్క నాటామని చాలాకాలం చూశారు.

వాళ్ళ అన్నయ్య ఒకసారి వచ్చాడు. పెట్టెని ముందు నుంచీ వెనక నుంచీ చూశాడు.

"ఒసే, డోలు వాయిస్తే నాకు సెమట పడతాది. దీనికి సెమటే నేదు. ఇదేం మేళమే?"

"నీకు తాళం జారిపోతాదన్నియ్యా, దీనికి జారదు. అదీ నీ బాధ."

"నాకు జారిపోతాదా? ఎయ్యవే దాన్ని!"

వరండాలో కూర్చుని పెట్టెతో పోటీగా వాయించాడు. ఆమె అది ఆపలేదు, అతను ఆపలేదు. ముప్పావుగంట అయింది. చొక్కా తడిసిపోయింది.

"బావా, ఆపమని సెప్పు బావా దీనికి. నా బుజం పోయింది."

"ఓడిపోయినానని అనిపించండి, ఆపేస్తాను" అంది ఆమె నాతో. అతను అనలేదు. ఆమే జాలిపడి ఆపింది. అన్నాచెల్లెళ్ళు ఆ రోజు నవ్విన నవ్వు మా ఇంట్లో మళ్ళీ వినలేదు.

ఆమెకి ఒక పద్ధతి ఉండేది. పెట్టెలో నింపిన వరుసని దాచిపెట్టడానికి వేరే మీట ఉంది. ఆ మీట నొక్కకుండా కరెంటు తీస్తే నింపిందంతా పోతుంది. ఆమె వెంటనే నొక్కేది కాదు. నాలుగైదు రోజులు ఇంట్లో తిరుగుతూ, అంట్లు తోముతూ, పాఠం చెబుతూ వినేది. నచ్చని అడుగు మార్చేది. నచ్చింది అనుకున్న అడుగుని మాత్రం గళ్ళ నోటుపుస్తకంలో సిరాతో రాసుకునేది, ఎడమ నుంచి కుడికి, ఒక్కో గడి. మౌనంగా ఉండాల్సిన చోట సున్నా పెట్టేది. పదహారు గళ్ళూ నిండాకే దాచే మీట.

"ముందే దాచుకోవచ్చు కదే, కరెంటు పోతే?" అన్నాను.

"పచ్చిగున్నప్పుడు దాస్తే అలాగే ఉండిపోతాదండీ. తరవాత మార్సడానికి మనసొప్పదు."

అందుకని పెట్టెని ఇన్వర్టరు లైనుకి కలిపాను. ఊళ్ళో కరెంటు పోయినా అది నడుస్తూనే ఉండేది.

ఇక రాయవలసింది రాస్తాను.

ఇల్లు విడిచి బయటికి వెళ్ళేటప్పుడు నేను మెయిన్ ఆపేస్తాను. తర్వాత ఇన్వర్టరు. ముప్పై ఏళ్ళ అలవాటు. షార్ట్ సర్క్యూట్ అయిన ఇళ్ళు చూసినవాడి అలవాటు. పెట్టె నడుస్తున్న రోజుల్లో ఆమె ఇంట్లోనే ఉండేది కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు పొద్దున్న ఆమెకి ఊపిరి అందలేదు. గుమ్మంలో ఆటో ఎక్కిస్తున్నాను. పెట్టె ఐదు రోజులుగా నడుస్తోంది. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"పెట్టె ఆపకండి."

"ఆపను."

చెప్పులు వేసుకోవడానికి లోపలికి వెళ్ళాను. తాళం తీసుకున్నాను. తలుపు దగ్గర రెండు చప్పుళ్ళు వినపడ్డాయి. మెయిన్, ఇన్వర్టరు. నా చెయ్యే. ఇంట్లో పాట ఆగింది. నేను తలుపు వేశాను. ఆటో విజయనగరంలో కోట జంక్షన్ దాటాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు.

మూడో రోజు ఆమె మాట్లాడగలిగినప్పుడు అడిగింది.

"పెట్టె ఎలగున్నాది?"

నేను గ్లాసు కడుగుతున్నాను.

"ఎలుగుతన్నాది" అన్నాను.

ముప్పై నాలుగేళ్ళలో ఆమెతో నేను ఆడిన అబద్ధాలు లెక్కపెట్టగలను. ఇది చివరిది. నిజం చెప్పడానికి ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి. చెప్పలేదు.

కర్మకాండ అయ్యాక ఇంటికి వచ్చి స్విచ్ వేశాను. ఎర్ర దీపం మొదటి నుంచి పదహారు దాకా నడిచింది. ఏమీ మోగలేదు. నోటుపుస్తకం తీశాను. చివరి పేజీలో మొదటి తొమ్మిది గళ్ళు నిండి ఉన్నాయి. ఏడు ఖాళీ. సున్నాలు కావు, ఖాళీ. ఆ ఏడూ పెట్టెలో మాత్రమే ఉండేవి.

ఐదు రోజులు ఆ పాట ఈ ఇంట్లో మోగింది. నేను దాని పక్కనే కూర్చుని పేపరు చదివాను, టీ తాగాను, గడ్డం గీసుకున్నాను. గుర్తు చేసుకోవడానికి చాలా ప్రయత్నించాను. ఏడింటిలో ఒక్కటీ గుర్తు లేదు. వినడం వేరు, ఇంట్లో ఉండడం వేరు.

పెట్టె మీద గుడ్డ కప్పాను. ఎవరికీ చెప్పలేదు. ఫాల్గుణం, చైత్రం అలాగే గడిచాయి.

వైశాఖంలో, శ్రీకాకుళం కాలేజీలో పాఠాలు చెప్పే ఆమె శిష్యురాలు వచ్చింది. ఆసుపత్రిలో నాకు భోజనం తెచ్చి, నేను తినేంతసేపు మా ఆవిడ దగ్గర కూర్చున్న అమ్మాయి. మేడమ్ చివరిగా చేస్తున్నది వినాలని ఉంది అంది. నేను గుడ్డ తీశాను. జరిగింది చెప్పాను. చెప్పడం మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"మేడమ్‌కి తెలుసు సార్."

"ఏటి తెలుసు?"

"నాతో అన్నారు. 'మీ సారు రెండు స్విచ్చులూ ఆపేసుంటారే, ఆయన సెయ్యి ఊరుకోదు. ఎలుగుతన్నాదని సెప్పినారు. నావైపు సూడకుండా గ్లాసు కడుగుతా సెప్పినారు' అని నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. నువ్వేటీ అనకు, ఆయన బాధపడతారు అన్నారు."

నేను కిటికీ వైపు చూశాను.

"ఒక్కటి మట్టుకు సెప్పమన్నారు సార్. ఆ హడావిడిలో నానే మరిచిపోయాను. గొయ్యి ఎండిపోనివ్వొద్దన్నారు."

కాసేపటికి ఆ అమ్మాయే యంత్రాలు వేసింది. అరగంట ఆగాం. నోటుపుస్తకం చూసి తొమ్మిది స్వరాలూ పెట్టెలో నింపింది. నాకు ప్రతి మీటా చూపించింది.

"మిగిలిన ఏడూ నింపీమంటారా సార్? మేడమ్ ఎటెళ్తారో నాకు కొంచెం తెలుసు."

మా ఆవిడ అన్నయ్యకి ఫోన్ చేసి జరిగింది చెబితే అతనూ అదే మాట అన్నాడు. "నింపించీ బావా. సగంలో వదిలీకూడదు మేళం."

"వద్దమ్మా" అన్నాను. "ఆవిడకే ఇంకా నచ్చలేదు. మనం సిరా ఎయ్యకూడదు."

ఆ అమ్మాయి వాదించలేదు. బస్సు వేళయిందని లేచింది. గుమ్మం దగ్గర నా కాళ్ళకి దండం పెట్టబోతే వద్దన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక కూర్చుని విన్నాను. తొమ్మిది స్వరాలు, కింద నుంచి పైకి, ఒక మెట్టు దగ్గర వెనక్కి తిరిగి చూసినట్టుగా ఉంటాయి. తర్వాత ఏడు అడుగులు ఏమీ లేదు. నాలుగైదు సెకన్లు. మళ్ళీ తొమ్మిది. ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. ఒకసారి ఆ ఏడు అడుగుల్లో నాకు ఏదో వినపడింది. స్పీకరు దగ్గర చెవి పెట్టాను. సన్నగా గుంయ్ మంటోంది. కరెంటోళ్ళ సుతి. ఇన్నేళ్ళలో అది నాకు వినపడటం అదే మొదటిసారి.

పెరట్లోకి వెళ్ళాను. గొయ్యి చుట్టూ మట్టి పగుళ్ళు తేలింది. మూడు నెలలుగా ఒక్క చుక్క పోయలేదు. కుళాయి కింద బకెట్టు పెట్టి నింపాను. పోస్తుంటే మట్టి బుసబుసమంటూ తాగింది. రెండోది పోశాను. మూడోది కూడా.

పెట్టె అప్పటి నుంచీ నడుస్తోంది. దాచే మీట నేను నొక్కలేదు. బజారుకి వెళ్ళినా మెయిన్ ఆపడం లేదు. తాళం వేశాక చెయ్యి ఇంకా స్విచ్ దాకా వెళ్తుంది, వెనక్కి తీసుకుంటాను.

రోజూ సాయంత్రం ఐదింటికి నీళ్ళు పోస్తాను. గొయ్యి దగ్గర నిలబడితే కిటికీలోంచి ఎర్ర దీపం కనిపిస్తుంది. తొమ్మిదో స్వరం అయిపోతుంది. దీపం మిగతా మీటల మీదుగా, ఏమీ అడగకుండా, నడుచుకుంటూ వెళ్తుంది. ఖాళీ బకెట్టు పట్టుకుని నేను ఆ ఏడు అడుగులూ వింటాను. గుంయ్ మనడం లేదు. నీళ్ళు ఇంకుతున్న చప్పుడు ఒక్కటే ఉంది.