మా గల్లీ వాలు

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. పెళ్లి భోజనానికి పిలిస్తే, చేతులు కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తాను. చుట్టాలింటికి వెళ్తే బాత్రూంలో చెంబెడు నీళ్లు పోసి, జాలీ వైపు పోతాయా, మూలకు పోయి నిలుస్తాయా అని కనిపెడతాను. మా అవ్వకు ఇదంతా ఒక రోగం. "కడుపునిండ తినక గా మోరి దిక్కు ఏం జూస్తవే" అంటుంది. ఇంజనీరుగా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇదే తంతు.

నా మొదటి ఉద్యోగం జైనూరు వైపు. అక్కడ గుట్టలు. నీళ్లకు దారి చెప్పక్కర్లేదు, వాటి దారిన అవి పోతాయి. ఆ తర్వాత కరీంనగర్‌కు బస్సులో గంట దూరంలో ఉన్న ఈ చిన్న టౌను మున్సిపాలిటీకి వచ్చాను. ఇక్కడ నీళ్లకు దారి చెప్పాలి, దానికంటే ముందు మనుషులకు చెప్పాలి. రెండోదే కష్టం.

మా గల్లీలో ఒక ఆచారం ఉంది. ఇల్లు ఎవరు కట్టినా పునాది ఎత్తు రోడ్డు నుంచి కొలుస్తారు, పక్కింటి కంటే జానెడు ఎక్కువ పెడతారు. తర్వాత రోడ్డు పాడైతే, పాతది తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు పోస్తారు. రోడ్డు లేస్తుంది. దాన్ని చూసి తర్వాతి ఇల్లు ఇంకా లేస్తుంది. ప్రతి ఇంటి ముందు మురుగు నీళ్లు పోయే మోరి మీద బండి ఎక్కడానికి సిమెంటు ర్యాంపు. ఆ ర్యాంపుల కింద మోరి ఉందన్న సంగతి దోమలకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

గల్లీ చివర పల్లంలో ఒక పాత పెంకుటిల్లు. మధ్యలో ఆకాశం కనపడే గచ్చు, చుట్టూ అర్రలు. అందులో ఒక బీడీలు చుట్టే అక్క ఉంటుంది. భర్త దుబాయిలో. చుట్టూ అందరూ లేస్తూ పోయారు, ఆ ఇల్లు ఉన్నచోటే ఉండిపోయింది. ఇప్పుడు రోడ్డు మీంచి ఆ ఇంట్లోకి దిగి పోవాలి. వాన పడితే మనకంటే ముందు నీళ్లు దిగుతాయి. తునికాకు నాని బూజు పడుతుంది, బీడీలు మెత్తబడతాయి, మంచం కోళ్లకు ఇటుకలు పెట్టుకుని ఆమె గడప మీద కూర్చుంటుంది. ప్రతి వానాకాలం ఆ గడప మీద ఇంకో వరుస ఇటుక కట్టింది.

వేసవి చివర్లో ఒకరోజు నల్లా దగ్గర కలిసినప్పుడు చెప్పింది. "గీ వానకాలం గూడ నీళ్లొస్తే ఇల్లు అమ్ముడే చెల్లె. ఆయన ఫోన్ల రోజు గదే అంటుండు. బేరం గూడ చూసిండు. నేనే ఆపిన." బిందె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఆమె నాకేమీ చుట్టం కాదు. కానీ నీళ్ల పని తెలిసిన మనిషి అదే గల్లీలో కిరాయికి ఉండగా, నీళ్ల వల్ల ఒక ఇల్లు అమ్ముడుపోతే, నా చదువు ఎందుకు, తగలెయ్యడానికా అనిపించింది.

మా గల్లీకి అప్పుడే మళ్లీ రోడ్డు మంజూరైంది. పాత పొరలన్నీ తవ్వి తీసేసి, మోరి అడుగును చివరనున్న పెద్ద మోరి వైపు వాలుగా దించాలని నేను రాసి పెట్టాను. మా పై ఆఫీసరు కాగితం చూసి నవ్వాడు. "గల్లీవాళ్లు ర్యాంపులు పలగ్గొట్టనిస్తే తవ్వుకో. ఒప్పుకోకుంటే పైన్నే పోసెయ్. మిరుగం లోపల అయిపోవాలె." మిరుగం అంటే తొలకరి. ఎంతో దూరం లేదు. నేను కాలు కాలిన పిల్లిలా గల్లీ అంతా తిరగడం మొదలుపెట్టాను.

మొదట మా ఇంటి ఓనరునే అడిగాను. మస్కట్‌లో పనిచేసి వచ్చి, గల్లీలోకెల్లా ఎత్తైన ఇల్లు కట్టాడు. ర్యాంపు కూడా అంతే ఎత్తు. "ఆమెను ఇల్లు ఎత్తు కట్టుకొమ్మను మేడం. మేం కట్టుకోలేదా?" అన్నాడు. వెల్డింగ్ దుకాణం చాచా గడ్డం గోక్కుంటూ, "నీ మాట సహీ బేటీ, గని ఒక్కన్ని నేను పలగ్గొట్టుకుంటే ఏం ఫాయిదా?" అన్నాడు. తక్కినవాళ్లదీ అదే పాట. లెవెల్ మిషన్ పెట్టి లెక్కలు చూపిస్తే, ఆ మిషన్లో వాళ్ల ఇల్లు కనపడుతుందా అని అడిగారు.

కోపం వచ్చింది. నాకు కోపం వస్తే నిద్ర పట్టదు, పొద్దున్నే లేచి గడపలో నిలబడతాను. ఓనరు భార్య వాకిట్లో సాంపి చల్లుతోంది. పేడ కలిపిన నీళ్లు, దాంట్లో నిన్నటి పూజ బంతిపూల రేకులు. సిమెంటు మీద పేడనీళ్లు ఇంకవు కదా. కిందికి జారుతున్నాయి. రోజూ చూసేదే, ఆ రోజే కంటికి ఆనింది.

మర్నాడు గల్లీలోని ఆడవాళ్లందరినీ బతిమాలాను. అందరూ ఒకేసారి, తలా ఒక బకెట్ నిండుగా సాంపి పోయమని. నా పిచ్చి వాళ్లకు తెలుసు కాబట్టి నవ్వుతూనే పోశారు. పాయలు పాయలుగా నీళ్లు కలిశాయి, ర్యాంపులను తప్పించుకుంటూ పల్లానికి పోయాయి, ఆ అక్క ఇటుకల గడపకు తగిలి నిలిచాయి. మగవాళ్లు కూడా బ్రష్షులు నోట్లో పెట్టుకుని వచ్చారు. ఆమె తలుపు తీసి, చేతిలో చీపురుతో అలాగే నిలబడిపోయింది.

ఓనరు వంగి గడప దగ్గర తేలుతున్న రేకులు చూశాడు. "గివి మా ఇంటి పూలే గదా" అన్నాడు. నా వైపు తిరిగాడు. "తవ్వుండ్రి. గని నా బండి ఎట్ల ఎక్కాలె?"

"తీసి పక్కకు పెట్టేటట్టు ఇనుప ర్యాంపు చేసిస్త. ఫికర్ చెయ్యకు" అన్నాడు చాచా.

ఓనరే ఒప్పుకున్నాక తక్కినవాళ్లూ కాదనలేదు. జేసీబీ వచ్చింది. పొర కింద పొర లేస్తుంటే గల్లీ దుమ్ములో మునిగింది. నేను ఆఫీసులో ఒక కాలు, గల్లీలో ఒక కాలు. మబ్బు కనపడితే జేసీబీ డ్రైవరును తొందరపెట్టేదాన్ని. అక్క ఇంటి ముందు తవ్వుతుంటే జేసీబీ బకెట్టుకు ఏదో గట్టిగా తగిలింది. మట్టి తీస్తే రెండు రాతి మెట్లు. ఆ ఇంట్లోకి ఒకప్పుడు దిగేవాళ్లు కాదు, ఎక్కేవాళ్లు. ఆమె మెట్టును కొంగుతో తుడిచింది. "నేను పెండ్లయి వచ్చిననాడు నా కాళ్లు గడిగింది గీ మెట్ల మీదనే. గివి ఎప్పుడు పోయినయో గూడ తెల్వకపాయె."

కొత్త మోరి అయింది, దాని పక్కన రోడ్డు సిమెంటు ఆరింది. తర్వాత ఒక మధ్యాహ్నం వాన దంచింది. నేను ఆఫీసు నుంచి గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను. గల్లీలో నీళ్లు నిలవలేదు. మోరి గలగలమని పెద్ద మోరిలోకి దూకుతోంది. ఎంత సంతోషం వేసిందంటే నడిరోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వాను. అలాగే నవ్వుతూ అక్క ఇంటికి పోయాను.

ఆమె ఇంటి గచ్చులో మోకాలి కిందిదాకా నీళ్లు. ఆమె రేకు తట్టతో ఎత్తిపోస్తోంది. నన్ను చూసి ఆగింది. "వచ్చినయ్ చెల్లె" అంది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాకు అర్థం కాలేదు. బయట చుక్క నిలవలేదు, లోపలికి ఎక్కడిది? పైకి చూశాను. నాలుగు పక్కల పెంకుల చూరు నుంచి ధారలు నడిమి గచ్చులో పడుతున్నాయి. ఇన్నేళ్లూ వీధి నీళ్లతో కలిసి ఉన్నవి ఇవే. ఏ నీళ్లు ఏవో ఎవరు వేరు చేసి చూశారు?

"గచ్చు నీళ్లు పోయే తూము ఏది అక్కా?"

ఆమె తట్ట కింద పెట్టింది. "గడప కిందకెల్లి ఉండె. రోడ్డు నీళ్లు అండ్లకెల్లి లోపటికొస్తున్నయని నేనే సిమెంటు పెట్టి మూసిన. ఏండ్లాయె."

రోడ్డు నీళ్లు రాకుండా మూసింది, ఇంటి నీళ్లు కూడా ఆగిపోయాయి. మేమంతా రోడ్డునే చూశాం, ఇంటి లోపల ఎవరూ చూడలేదు. నేను చాచా దుకాణానికి పరిగెత్తి గడ్డపార అడిగాను. నా చేతికివ్వకుండా ఆయనే వచ్చాడు. తడుస్తూ మెట్ల మీద మోకాళ్ల మీద కూర్చుని గడప అడుగున పొడిచాడు. సిమెంటు పెళ్ల ఊడింది. ముందు నల్లటి బురద వచ్చింది, తర్వాత తునికాకు ముక్కలు, తర్వాత నీళ్లు. రెండు మెట్లూ దిగి, మోరిలో కలిశాయి.

అక్క గడప దాటి వచ్చి చూసింది. ఫోన్ తీసి దుబాయికి వీడియో కలిపి తూము వైపు పట్టుకుంది. "చూడు. మన ఇంట్ల నీళ్లు బయటికి పోతున్నయ్."

అటు నుంచి ఆయన ఏదో అంటున్నాడు. బేరం మాట నాకూ వినపడింది, కొనేవాళ్లు ఇల్లు చూడ్డానికి రేపు వస్తారట.

"రావద్దని చెప్పు" అని ఫోన్ పెట్టేసింది.

అప్పటిదాకా నిలబడే ఉన్నానని నాకు అప్పుడు తెలిసింది. ఆ తడి మెట్టు మీద కూలబడ్డాను. లేవాలనిపించలేదు. వాన వెలిసింది. ఆమె లోపలికి పోయి చీపురు, బకెట్టు పట్టుకుని వచ్చింది.

"జర లే చెల్లె," అంది, "వాకిలి ఊడ్వాలె."