పడమటి కొసన దిగబడిన లారీ

మద్రాసులో విమానయాన శాఖలో అధికారిణిగా చేరిన కొత్తల్లో మా అక్క చేసే పనేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. "విమానాలు తోల్తాదంట" అని మా అమ్మ బనగానపల్లెలో అందరికీ చెప్పేది.

నేనప్పుడు కడపలో టీచరుని. ఊరి బయట కొత్తగా వేసిన విమానాల మైదానాన్ని తనిఖీ చేయడానికి అక్క వచ్చి నా దగ్గరే దిగింది. ఆ వారంలోనే ఒక మంత్రిగారి విమానం అక్కడ వాలాలి. ఆదివారం కావడంతో నేనూ వెంట వెళ్లాను.

ముందురోజు గట్టి వాన పడింది. కంట్రాక్టరు ఎదురొచ్చి, "అంతా బాగుండాదమ్మా. మీరు సంతకం పెడితే సాలు" అన్నాడు.

అక్క కుచ్చెళ్లు పైకి దోపుకుని, విమానం పరుగెత్తే దారి చివరిదాకా నడిచింది. పడమటి కొసన నల్లరేగడి. పైన కంకర పరిచారు గానీ, మడమతో నొక్కితే దిగుతోంది.

"ఏమప్పా, రాళ్లు నింపిన లారీ ఒకటి ఈ దారెంబడి తోలించు."

"లారీ ఎందుకమ్మా?"

"విమానం లారీ కన్నా జోరుగా వస్తాది. ముందు లారీ పోనీ, చూద్దాం."

లారీ కొస దాకా బాగానే పోయింది. అక్కడ వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. కంట్రాక్టరు తల వంచుకున్నాడు.

అక్క సంతకం పెట్టలేదని తెలిసి ఊరి పెద్దమనిషి ఒకాయన జీపులో వచ్చాడు. "పందిళ్లు ఏసినాం, దండలు తెప్పించినాం. ఆడమనిషి వద్దంటే మంత్రి రాకుండా పోతాడా?"

"రైల్లో రమ్మనన్నా. విమానం మాత్రం ఈడ దిగదు" అంది అక్క, గొంతు పెంచకుండా.

మర్నాడు పొద్దున్నే పోస్టాఫీసు నుంచి మద్రాసుకు ఫోన్ చేసి, విమానం పంపొద్దని చెప్పింది.

"నీ ఉద్యోగం పోతే?" అన్నాను.

"పోనీలే. విమానంలో మనుషులుంటారు కదే."

మంత్రిగారు రైల్లోనే వచ్చి వెళ్లారు. ఆ కొసంతా తవ్వి, రాళ్లు వేసి గట్టిపరిచాక దిగిన మొదటి విమానంలో అక్క ఉంది. చక్రాలు ఆ చోటు దాటేదాకా నేను ఊపిరి బిగబట్టాను. అదే పెద్దమనిషి దండ తెచ్చి, "ఆ లారీని సూసినాక నాకు శానా దినాలు నిద్ర పట్టలేదమ్మా" అన్నాడు.

తర్వాత కాలంలో, ఏ విమానం ఎగరవచ్చో తేల్చే పెద్ద కుర్చీలో అక్క కూర్చుంది. విమానాలు తయారుచేసే కర్మాగారాన్నీ కొన్నేళ్లు నడిపింది. పేపర్లో ఆమె ఫొటో పడినప్పుడల్లా తోటి టీచర్లకు చూపించి "మా అక్క" అనేదాన్ని. ఆ గర్వం దాచుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు.