ఫ్యాన్లు లేని ఫంక్షన్ హాలు

మేడ్చల్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ల గురించి మా బావ బాలరాజును మించిన పండితుడు లేడు. గౌడవెల్లిలో ఎవరింట్లో సంబంధం ఖాయమైనా ముందు ఆయనకే కబురు. తెల్ల అంగీ వేసుకుని, బండి వెనక పిల్ల తండ్రిని ఎక్కించుకుని హాళ్లు చూడటానికి బయలుదేరుతాడు. పెళ్ళికొడుకును కూడా ఎవరూ అంత పట్టిపట్టి చూసి ఉండరు. నేల మీద పాలరాయిలో మొహం కనబడాలి, పైన షాండిలియర్ వేలాడాలి, రోడ్డున పోయేవాడికి ఫ్లెక్సీ కనబడాలి. ఇవి ఉంటే హాలు పాసైనట్టే. నా పెళ్ళికి హాలు చూసిందీ ఆయనే. భోజనాలు మూడో అంతస్తులో పెట్టారు, లిఫ్టు లేదు. మా అత్తగారు సగం మెట్లెక్కి, అక్కడే కూర్చుని, ఈ పిల్లను కోడలిగా ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచనలో పడింది. మా అబ్బాయి ఉద్యోగానికొచ్చాడు, ఆవిడ ఇంకా తేల్చుకోలేదు.

ఇంతటి పండితుడికి సొంతంగా ఒక హాలుంది. అందులో ఇంతవరకు ఒక్క పెళ్ళీ కాలేదు.

మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డు ఇనుము చవగ్గా వస్తోందని ఎవరో చెబితే కొని తెచ్చి, గౌడవెల్లి దారిలోని తన చెలకలో నిలబెట్టాడు. నడుమ ఒక్క స్తంభం లేదు. పైకప్పు ఎక్కడో ఆకాశంలో ఉంది. ఫ్యాన్లు బిగించడానికి వచ్చిన మనిషి తలెత్తి చూసి, నిచ్చెన తెస్తానని పోయాడు. ఇంకా తెస్తూనే ఉన్నాడు. ద్వారం మీద మాత్రం మా అక్క పేరు సిమెంటు అక్షరాల్లో పోయించాడు: యాదవ్వ ఫంక్షన్ హాల్. అక్క గాజులు అడిగితే బావ చేయించిన నగ అది. మొదటి బేరానికి వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి, ఇక్కడ పెళ్ళి చేస్తారా, షిఫ్టు నడుపుతారా అని అడిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత దాన్ని కోళ్ల దాణా బస్తాలకు అద్దెకిచ్చాడు.

ఊళ్లో యాదవ్వ అనే పేరుగలవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, జనం మా అక్కను గోదాం యాదవ్వ అన్నారు. వెక్కిరించడానికి కాదు, గుర్తుకోసమే. వెక్కిరింతైతే అక్క తిరిగి నాలుగు తిట్టి ఊరుకునేది. గుర్తుకోసం పిలిస్తే ఎవరిని తిడుతుంది? ఆ దారిన నడవడమే మానేసింది. మేడ్చల్ సంతకు కూడా చుట్టు తిరిగి పోయేది. ఎండలో అలా చుట్టు తిరిగొచ్చిన అక్కను చూసినప్పుడల్లా నాకు బావ మీద ఒళ్లు మండేది. ఆయన ఊరందరికీ హాళ్లు చూపించేవాడు గాని, తన హాలు ఊసెత్తేవాడు కాదు.

ఇలా ఉండగా బహదూర్‌పల్లిలో ప్లాట్లు అమ్మే గోపాలరావు గారి మనవడికి మొదటి పుట్టినరోజు వచ్చింది. మిక్సీ వేస్తేనే గుక్కపట్టి ఏడ్చే ఆ పసివాడి మనసులో డ్రోన్ల షో చూడాలని ఉన్నట్టు తాతగారు కనిపెట్టారు. దీపాలు పెట్టుకున్న చిన్న చిన్న డ్రోన్లు గాల్లో పిల్లవాడి పేరు రాయాలి, దాని కింద తాతగారి వెంచర్ పేరు కూడా రాయాలి. బయట ఎగరేద్దామంటే అటు దుండిగల్, ఇటు హకీంపేట, రెండుచోట్లా వైమానిక దళం విమానాలే. నడుమ మన గాలి కూడా మనది కాదు. అందుకని హాల్లోనే ఎగరేయాలన్నారు. ఎగరేసే పని మా అబ్బాయి అరుణ్ వాళ్ల కంపెనీకి వచ్చింది. హాలు వెతికే పని బావకు కాక ఇంకెవరికి వస్తుంది?

అక్కాబావల్ని చూసిపోదామని వచ్చిన నేను కూడా కారెక్కాను. బావ నేరుగా శామీర్‌పేటలో తనకు ప్రాణమైన హాలుకు తీసుకెళ్లాడు. అరుణ్ ఒక డ్రోన్ పైకి లేపాడు. అది కల్లు తాగినదానిలా అటూ ఇటూ తూలి గోడకు కొట్టుకుంది. దాని కడుపు కింద కెమెరా ఉంటుందట. నేలను చూసుకుంటూ తానెక్కడుందో తెలుసుకుంటుందట. అద్దంలాంటి పాలరాయిలో దానికి నేల కనబడక దారి తప్పిందన్నాడు. అద్దంలో తమను చూసుకుని దారి తప్పినవాళ్లు మన ఇంట్లోనూ ఉన్నారని నేనన్నాను. బావ తెల్ల అంగీ సర్దుకున్నాడు.

తర్వాతి హాల్లో షాండిలియర్లు అడ్డం. ఇంకో దాంట్లో స్తంభాలు. మరోచోట ఏసీ గాలికి డ్రోన్ కొట్టుకుపోయింది. బావ మెచ్చిన గుణాలన్నీ వరసగా దోషాలైపోయాయి. ఎత్తు కావాలి, స్తంభాలుండొద్దు, ఫ్యాన్లుండొద్దు, ఏసీ వద్దు, నేల మొరటుగా గీతలతో ఉండాలని అరుణ్ చెబుతుంటే బావ కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చివరికి నేనే అన్నాను.

"బావా, అసొంటిది ఒక్కటే ఉన్నది గద."

"దాణా వాసనొస్తది" అన్నాడు మెల్లగా.

వాసన నిజంగానే వచ్చింది. కానీ బస్తాల వరసల కోసం గీసిన రంగు గీతల మీద డ్రోన్ మేకు కొట్టినట్టు నిలబడింది. ఇది మాకోసమే కట్టినట్టుంది పెద్దబాపూ అన్నాడు అరుణ్. బావకు అంతే చాలు. ఆ సాయంత్రమే గోపాలరావు గారికి ఫోన్ చేసి, ఇలాంటి రోజు వస్తుందని ముందుచూపుతోనే ఫ్యాన్లు పెట్టించలేదని చెప్పాడు.

బస్తాలు కదిలాయి. అక్క ఏళ్ల తర్వాత ఆ దారిన వచ్చి, మనిషిని పెట్టి కడిగించకుండా తానే చీపురు పట్టింది. ద్వారం మీది అక్షరాలకు కొత్త రంగు వేయించింది.

పుట్టినరోజు సాయంత్రం అక్క పట్టుచీర కట్టుకుని ఆటోలో దిగింది. తలెత్తి చూసింది. చేతులు జోడించి నవ్వుతున్న గోపాలరావు గారి ఫ్లెక్సీ ద్వారం నిండా ఉంది. దాని వెనక ఆమె పేరు ఎక్కడుందో ఏమో. ఫ్లెక్సీ మాత్రం రోడ్డున పోయేవాడికి బ్రహ్మాండంగా కనబడుతోంది, బావ శాస్త్రం ప్రకారమే. అక్క మళ్ళీ ఆటో ఎక్కి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

పెద్దమనుషుల ముందు బావ గొంతు పెంచడం నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు కూడా పెంచలేదు. గోపాలరావు గారి దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఫ్లెక్సీ జర కిందికి కట్టియ్యుండ్రి. మా ఇంటామె పేరు కనబడాలె. కుదరదంటె జెప్పుండ్రి, ఇంకో హాల్ సూపెడ్త."

ఇంకో హాలు లేదని గోపాలరావు గారికి తెలుసు. లోపల డ్రోన్లు వరసగా నేల మీద పేర్చి ఉన్నాయి, బయట వంటలు దిగుతున్నాయి. కాసేపటికి తాతగారి నవ్వు ద్వారం దిగి గేటు ఊచలకు చేరింది. అక్క ఆటో దిగింది.

గాలి తగలకూడదని తలుపులు మూసి, నేల మీది గీతలు డ్రోన్లకు కనబడేంత వెలుతురు ఉంచి మిగతా దీపాలు ఆర్పారు. డ్రోన్లు లేచి మిణుగురుల్లా కదిలి పిల్లవాడి పేరు రాశాయి. వెటకారం పక్కనపెట్టి చెబుతున్నాను, చాలా బాగుంది. చూడాల్సినవాడు మాత్రం తల్లి భుజం మీద నిద్రపోయాడు. అది అయ్యేసరికి, పగలంతా కాగిన రేకుల కింద అంతమందిమీ చెమటతో ముద్దయ్యాం. తలుపులు తీయగానే జనం మొహాలు తుడుచుకుంటూ బయటపడ్డారు. యాదవ్వ ఫంక్షన్ హాల్లో ఉడికిపోయినమని ఒకాయన గట్టిగానే తిట్టాడు. చచ్చినా ఈ యాదవ్వ ఫంక్షన్ హాలుకు మళ్ళీ రానని ఆయన భార్య ఒట్టుపెట్టుకుంది.

బావ మొహం వాడిపోయింది. గేటు దగ్గర నిలబడ్డ అక్క పక్కకు చేరి, వచ్చే నెలలో ఎట్లన్న జేసి ఫ్యాన్లు పెట్టిస్తనని గొణిగాడు. అక్క చెయ్యెత్తి ఆపింది.

"ఫంక్షన్ హాల్ అన్నరు, ఇన్నవా? జరసేపు సప్పుడు జెయ్యకు. ఇంకోల్లు గూడ అంటరేమో ఇందాం."