చచ్చి లేచిన దీవి దొర

మీసం సరిగ్గా రాకముందే సినిమా తీయడం వచ్చేసిందని నమ్మిన రోజులవి. ధర్మాబాద్ మోండా మార్కెట్లో మా నాయన మిర్చి బస్తాలు మోసేవాడు, నేను కాలేజీ పేరు చెప్పి ఫోను మోసేవాణ్ణి. నాకొక దోస్తు ఉండేవాడు. చెయ్యి వణక్కుండా ఎంతసేపైనా ఫోను పట్టుకోగలడు కాబట్టి వాణ్ణి స్టాండు అని పిలిచేవాళ్లం (అసలు స్టాండు కొనే తాహతు లేదనుకోండి). కథ నాది, డైరెక్షను నాది, హీరో కూడా నేనే. ఇంకొకడికిస్తే చెడగొడతాడని భయం. నిధి కోసం దీవికి వెళ్లిన కుర్రాడు, అక్కడి క్రూరుడైన దొరను చంపి పెట్టె తెచ్చుకుంటాడు, ఇదీ కథ. దీవి కోసం సముద్రందాకా పోనక్కర్లేకపోయింది. బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్నన్నాళ్లూ, వరద తగ్గాక గోదావరి నడుమ ఒక ఇసుక దిబ్బ తేలుతుంది. గేట్లు దించారంటే అది నీళ్లలోకే. రేపు దించుతారనగా మాకు ఒక్క సీను మిగిలింది, దొర చావు.

దొర వేషానికి మా ఊరి భాగోతం తాతను పట్టుకున్నాను. పగలు కూలికి పోయి పత్తి ఏరి, రాత్రి కిరీటం పెట్టుకుని రాక్షస వేషాలు కట్టీ కట్టీ తల పండినవాడు. చుట్టుపక్కల ఆయన చావని ఊరు లేదు. ఫోన్లొచ్చాక భాగోతం అడిగేవాళ్లు లేక కిరీటం అటకెక్కింది. నేను వెళ్లి వేషం సంగతి చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే.

"జనం చూస్తరా బిడ్డా?"

"లక్షమంది చూస్తరు తాతా." (అప్పటికి మా సినిమాలు చూసేది మా ఇద్దరి ఇళ్లవాళ్లే, అదీ బతిమాలితే.)

"అయితె మంచిగ సస్త," అన్నాడు.

మా పుట్టి పడవ దిబ్బకు చేరాక చూస్తే ఆయన వెనకే వాళ్లావిడ కూడా దిగింది, చేతిలో ఆరతి పళ్లెంతో. భాగోతంలో ఒక పద్ధతి ఉంది. ఆటలో చచ్చిన వేషగాడు చచ్చినట్టే ఇంటికి పోకూడదు. చూసినవాళ్ల ముందే లేచి నిలబడి, మంగళారతి తీసుకుని, ఆ తరువాతే ముఖం కడుక్కోవాలి. లేకపోతే ఆ చావు వెంటబడి గడప దాటి వస్తుందట. అవ్వ ఏ ఊళ్లో ఆటున్నా పళ్లెం పట్టుకుని వెళ్లేది. ఇన్నేళ్లూ ఆయన్ను ప్రాణాలతో ఇల్లు చేర్చింది తానేనని ఆమె గట్టి నమ్మకం. ఇవన్నీ పాతకాలపు ముచ్చట్లని నేను పట్టించుకోలేదు.

నేను కట్టెకత్తితో పొడిచాను. తాత వెంటనే పడితేనా? ఒక పద్యం పాడి, గోదావరిని ఒకసారి గద్దించి, దిబ్బంతా తూలుతూ తిరిగి అప్పుడు పడ్డాడు. నిజం చెప్పొద్దూ, ఒళ్లు జలదరించింది. నేను రేకు పెట్టె మీద కాలు పెట్టి నా డైలాగు అందుకున్నాను. సగంలో ఉండగా వెనకనుంచి కర్పూరం వాసన. తిరిగి చూస్తే దొర లేచి, చేతులు జోడించి మంగళం పాడుతున్నాడు.

"తాతా, నువ్వు సచ్చినవు."

"సచ్చిన గద బిడ్డా. అయిపాయె. మరి లేవొద్దా?"

"సినిమాల లేవొద్దు. నేను పెట్టె తీస్కొని పోయేదాక పండుండు."

అవ్వ పళ్లెం దించలేదు. "నువ్వు నీ పెట్టె తీస్కపోతవు. నేను మా ముసలోన్ని తీస్కపోవాలె గద."

లేచే ముక్కను తరువాత కోసేస్తామని చెప్పి చూశాను. అది ఇంకా పెద్ద తప్పయింది. "లక్షమంది చూస్తరంటివి," అంది అవ్వ. "ఆళ్ల ముంగట సచ్చి, ఆళ్ల ముంగట లేవకుంటె ఎట్ల? లక్షమంది ఈన సచ్చిండనుకుంట పండుకుంటె, ఈన బతుకుతడా?"

నేను చెప్పిన అబద్ధం నాకే అడ్డం తిరిగింది. మా ఇళ్లవాళ్లే చూస్తారని నిజం చెబుదామంటే తాత ముఖం చూసి నోరు రాలేదు. మళ్లీ పొడిచాను, మళ్లీ లేచాడు. పొడిచినకొద్దీ చావు బాగా కుదురుతోంది, లేవడం ఇంకా బాగా కుదురుతోంది. పుట్టి నడిపే మామ మరాఠీలో "ఝాలా కా రే?" అని, అయిందా లేదా అని అరుస్తున్నాడు, పొద్దు గూకుతోందని. నాకు ఏడుపొక్కటే తక్కువ. వేరేవాణ్ణి పెట్టుకుంటానని బెదిరించాను కూడా (వేరేవాడెవడూ లేడు).

తాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు సావు గావాలె బిడ్డా, ఆమెకు లేసుడు గావాలె. రెండూ ఇస్తున్న. ఒక్కటే ఇయ్యమంటివా, ఆమెదే ఇస్త."

ఆ మాటకు ఆఖరిసారి పొడిచి, ఆయన లేవగానే పెట్టె మీద కూలబడ్డాను. మర్నాడు గేట్లు దిగాయి, దిబ్బ మునిగింది. స్టాండుగాడు నన్నడక్కుండా తీసింది తీసినట్టే నెట్‌లోకి వదిలేశాడు. లక్షమంది చూడలేదుగానీ ఇటు ధర్మాబాద్‌నుంచి అటు ఇస్లాపూర్ దాకా ఆ వీడియో తిరగని ఫోను లేదు. అటకమీది కిరీటం కిందికి దిగింది, తాతకు ఊరూరా ఆటలు. మోండాలో ఒకాయన మా నాయన్నే అడిగాడట, "ఎనక పెట్టె మీద కూసున్న పోరగాడెవడు?" అని. "ఎవడో కూలికచ్చిండు గావచ్చు" అన్నాడట మా నాయన. నెలపాటు ఆయనతో మాట్లాడలేదు నేను.

ఇప్పుడు నాందేడ్‌లో పెళ్లి వీడియోలు తీసుకుంటున్నాను. అప్పుడప్పుడు ఆ ముక్క పెట్టుకుని చూస్తాను. దొర లేస్తాడు. ఆరతి కళ్లకద్దుకుని, అవ్వవైపు కొంచెం గర్వంగా చూస్తాడు. ఆమె కొంగుతో ఆయన మోకాలి ఇసుక దులుపుతుంది. వాళ్ల వెనక, ఒక ముసలాయన బతికి ఇంటికి పోతున్నాడని ముఖం మాడ్చుకుని కూర్చున్న హీరో ఒకడు కనిపిస్తాడు. పాపం, ఎంత కష్టపడ్డాడో పిల్లగాడు, ఒక్క మనిషిని చంపడానికి.