చేప తలల గది

సూరాయమ్మది అంతర్వేది దగ్గర పల్లె. వయసులో ఉన్నప్పుడు గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మింది. తర్వాత కువైట్ వచ్చి, ముబారక్ అల్ కబీర్‌లో ఒకే ఇంట్లో ఇరవయ్యారేళ్ళుగా వంట చేస్తోంది. ఇంటావిడను అక్కడి అలవాటు ప్రకారం మామా, అంటే అమ్మా, అని పిలుస్తుంది. ఆవిడ కూతురు హెస్సాను ఎత్తుకు పెంచింది.

ఆ హెస్సా ఇప్పుడు పురావస్తు పరిశోధకురాలు. ఉత్తరాన సముద్రం పక్క ఇసుకలో బయటపడ్డ నాలుగు వేల ఏళ్ళ నాటి ఊరిని తవ్వుతున్నారు. ఇళ్ళు కొలిచి, ఆ ఊళ్ళో కలిగినవాళ్ళకూ లేనివాళ్ళకూ ఎంత తేడా ఉండేదో తేల్చడం ఆమె పని. చలికాలం శిబిరానికి వంటమనిషి దొరక్కపోతే, సూరాయమ్మను పంపమని తల్లిని బతిమాలింది. మామా మూతి ముడుచుకునే ఒప్పుకుంది.

ఒక మధ్యాహ్నం గిన్నెలు కడిగి వస్తూ సూరాయమ్మ ఎండలో ఆరబెట్టిన చేప ఎముకల దగ్గర ఆగింది. ఒక్కో గదిలో దొరికినవి ఒక్కో పళ్ళెంలో ఉన్నాయి. ఒక పళ్ళెం నిండా తలలే. ఇవెక్కడివని అడిగింది. అన్నిటికన్నా పెద్ద ఇంట్లో మూల గదివనీ, అక్కడ చేపలు బాగు చేసి తలలు పారేసి ఉంటారనీ హెస్సా చెప్పింది.

"పారేసిన తలైతే గుండుగా ఉంటదమ్మా," అంది సూరాయమ్మ, తనకొచ్చిన వంటింటి అరబ్బీలో. "ఇవి నడిమికి చీల్చినవి. పులుసుకి మేం ఇలాగే కొడతాం. ఆ గదిలో ఎవరో వండుకు తిన్నారు."

హెస్సా భూతద్దం పెట్టి చూసింది. కత్తిగాట్లు ఉన్నాయి. అదే ఇంట్లో పెద్ద గది పళ్ళెం తెప్పించింది. అందులో అన్నీ వెన్నెముక పూసలే, నడుం ముక్కలు తిన్న గుర్తు. అంత ఇంటినీ ఆమె అప్పటిదాకా ఒకే సంపన్న కుటుంబంగా రాసుకుంది. వాళ్ళకు వండిపెట్టినవాళ్ళు కూడా ఆ గోడల మధ్యే బతికారని తట్టలేదు.

పళ్ళెం పక్కన పెట్టి అడిగింది: "సూరా, మనింట్లో నువ్వు ఏ ముక్క తింటావు?"

"తలకాయే. దాని రుచి మీకు తెలీదు గానీ," అని నవ్వింది సూరాయమ్మ. మళ్ళీ, "నడుం ముక్క కావాలని మాత్రం ఎప్పుడూ అడగలేదమ్మా," అంది.

హెస్సా తల దించుకుంది. సూరాయమ్మకే ఇబ్బందనిపించి, టీ తెస్తానని లేచింది. హెస్సా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తనే వెళ్ళి పెట్టుకొచ్చింది. చక్కెర మరీ ఎక్కువైంది. సూరాయమ్మ చివరిదాకా తాగేసింది.

హెస్సా ఇళ్ళన్నిటినీ గది గదిగా మళ్ళీ పరిశీలించింది. ఇంకో రెండు పెద్ద ఇళ్ళలోనూ అలాంటి గదులు తేలాయి. ఒకే కప్పు కింద కూడా ఎక్కువ తక్కువలు ఉండేవని నివేదికలో రాసి, ఆ సంగతి మొదట పట్టుకున్న మనిషిగా సూరాయమ్మ పేరు ఇంటిపేరుతో సహా వేసింది.

మరుసటి చలికాలం సూరాయమ్మ శిబిరానికి వెళ్ళింది ఎముకలు ఏరడానికి. అక్కడ వంటకు వేరే మనిషిని పెట్టారు. ఇంట్లో తనే వండుకోవాల్సొచ్చిన మామా రోజూ ఫోన్ చేసి, చేపల అన్నంలో ఎసరెంత పొయ్యాలని అడిగేది. ఈవిడ ఎముకలు వేరు చేస్తూనే ఓపిగ్గా చెప్పేది.