యాంటెన్నాకి కట్టిన నిమ్మకాయ

మేముండేది ఫ్రిస్కోలో. మొన్న వేసవిలో మూడు కుటుంబాలం మూడు కార్లలో కొలరాడో కొండలకి వెళ్ళాం. అక్కడ ఫోన్లకి సిగ్నల్ ఉండదని ఒక కార్లోంచి ఇంకో కార్లోకి మాట్లాడుకునే సీబీ రేడియోలు పెట్టించుకున్నాం. ఒకదాని వెనక ఒకటి వెళ్ళే కార్లకి పొట్టి యాంటెన్నా చాలన్నాను. మావారు వింటేగా. ఉన్నవాటిలోకెల్లా పొడవైనది కొని కారుపైన వెనకవైపు బిగించి, కొత్త వస్తువని దానికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కట్టారు.

ఎండకి నిమ్మకాయ కుళ్ళి ఈగలు ముసిరాయి. తీసేయమంటే, "దిష్టికి కట్టింది తియ్యకూడదే" అన్నారు.

దారిలో కారు దిగకుండానే కాఫీ కొనుక్కునే డ్రైవ్‌త్రూలోకి తిప్పారు. నేను పక్కసీట్లో పెరుగన్నం తింటున్నాను. ఎత్తు బళ్ళు రాకుండా దారికి పైన పెట్టిన అడ్డకమ్మీకి తగిలి యాంటెన్నా వెనక్కి వంగి, ఒక్కసారిగా ముందుకి కొట్టింది. తెరిచున్న సన్‌రూఫ్‌లోంచి ఆ కుళ్ళు ముద్ద సరిగ్గా నా డబ్బాలో పడింది. నల్లటి రసం పెరుగులోకి దిగింది.

"ఛీ, మీకూ మీ యాంటెన్నాకీ ఓ దండం" అని మొదలుపెట్టి వాళ్ళ వంశంలో ఎవర్నీ వదల్లేదు. ఒళ్ళో ఉన్న రేడియో మైకు బటన్ నా చేతికింద నొక్కుకుపోయిందని చూసుకోలేదు. చెయ్యి తియ్యగానే వెనక కార్లోంచి ఆయన స్నేహితుడి గొంతు వినిపించింది. "వదినా, అంతా క్లియర్‌గా వినిపించింది."

మావారు నా వైపు తిరిగి, "చూశావా, పొడవైంది తీసుకోబట్టే" అన్నారు.

ఇప్పటికీ కార్లో డబ్బా మూత తీసేముందు పైకి చూస్తాను. ఆ తర్వాత ఆయన వైపు చూస్తాను.