లెక్క తప్పిన చోటు

బుధవారం సాయంత్రం తాడేపల్లిగూడెంలో మా స్కూలు బస్సు దగ్గర నిలబడి పిల్లల్ని ఎక్కిస్తుంటే ఫోను మోగింది. ఏలూరు నుంచి పిన్నిగారు. ఆవిడ ఎప్పుడూ నాకు ఫోను చెయ్యరు. "అమ్మా, మీ బాబాయిగారు పోయారమ్మా. మూడింటికి లేపితే లేవలేదు" అన్నారు. ఫోను పెట్టేశారు.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకు నేను ఆయనకొక పాట పంపాను. వినేవాళ్ళు ఉలిక్కిపడాలని, కావాలని చేసిన పాట. ఆయన గుండెకు స్టెంటు వేసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. బస్సు కదిలింది, పిల్లలు చేతులు ఊపారు, నేను ఊపానో లేదో గుర్తులేదు. ఇంటికి వెళ్ళగానే ల్యాప్‌టాప్ తెరిచి ఆ పాటను చెత్తబుట్టలో పడేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఏలూరులో కాలవ గట్టు దగ్గర ఇంటి ముందు గదిలోనే కొట్టు పెట్టుకుని, కాలిపోయిన స్పీకర్లకు కాయిళ్ళు చుట్టేవారు. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ వెళ్ళే మైకుసెట్టు వాళ్ళంతా ఆయన దగ్గరికే వచ్చేవారు. వాళ్ళందరికీ ఆయన స్పీకర్ల సాయిబుగారు. నాకు మాత్రం మొదటి రోజే బాబాయిగారయ్యారు. నాలుగేళ్ళ కిందట నా బుల్లి స్పీకరు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఏం వాయించారమ్మా ఇందులో?"

"పాటండి. నేనే చేశానండి."

"మీరు చేసిన పాటే దీన్ని కాల్చేసిందా? అయితే వినాల్సిందేనండి."

నేను ససేమిరా అన్నాను. నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను స్కూల్లో కంప్యూటరు టీచర్ని. పాడటం రాదు, ఏ వాయిద్యమూ రాదు. మిక్సీ చప్పుడో, వాన చప్పుడో, రైలు గేటు పడే చప్పుడో ఫోన్లో రికార్డు చేసుకుని, ల్యాప్‌టాప్‌లో ముక్కలు చేసి, బీట్ వేసి, కింద బేస్ పెట్టి పాటలు చేస్తాను. ఇంట్లో మా అమ్మ నేను పిల్లల మార్కులు ఎక్కిస్తున్నాననుకునేది. నేనూ కాదని చెప్పలేదు. మొదటి పాటను నెట్‌లో పెడితే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి "ఇది పాటా, పిండిమర మోతా?" అని రాశాడు. మూడు నెలలు ల్యాప్‌టాప్‌లో పాటలు చేసే ప్రోగ్రాము తెరవలేదు. అంత పిరికిదాన్ని. అయినా ఆయన ముందు ఎలా లొంగానో నాకే తెలియదు. బహుశా ఆయన నా మొహం కాకుండా స్పీకరునే చూస్తూ అడగడం వల్లేమో.

ఆయన వినే పద్ధతి వేరు. బల్ల చివర చేత్తో తిప్పే చిన్న మర ఉండేది. దానికి కాగితపు గొట్టం తొడిగి, వెంట్రుకంత సన్నని రాగి తీగను దాని మీద చుట్టేవారు. ప్రతి చుట్టూ పక్కదానికి ఆనుకుని పడాలి. రెండు సెకన్లకో చుట్టు చొప్పున, పెదవులు కదుపుతూ నూట ఇరవై లెక్కపెట్టేవారు. నన్ను పాట పెట్టమని, నా వైపు వీపు తిప్పి, చుట్టడం మొదలుపెట్టేవారు. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. "ఇంకా బాగు చెయ్యాలండి" అని నేను ముందే సర్దిచెప్పుకోవడం అసలే కుదరదు.

పాట మనసును పట్టుకుంటే ఆయన లెక్క తప్పిపోయేది. చెయ్యి ఆగేది. అప్పుడు భూతద్దం తీసి, గోటి కొసతో ఒక్కో చుట్టూ లెక్కపెట్టి, ఎక్కడ తప్పారో ఆ అంకె చెప్పేవారు. ఆ అంకెను రెండింతలు చేస్తే పాటలో ఎన్నో సెకనో నాకు తెలిసిపోయేది. తర్వాత తీగంతా విప్పేసి మొదటి నుంచీ చుట్టుకునేవారు. "మీ పని పాడైంది కదండీ" అంటే, "విప్పిన తీగ మళ్ళీ చుట్టుకోవచ్చండి" అనేవారు.

ఆ మొదటి రోజు వినిపించిన పాటకు ఆయన చెయ్యి ఎక్కడా ఆగలేదు. నూట ఇరవై దాకా నున్నగా వెళ్ళిపోయింది. "లెక్క నిలిచిందమ్మా" అన్నారు, ఎంతో మర్యాదగా. ఆ మాటకన్నా పిండిమర అనడమే నయమనిపించింది. నా కళ్ళల్లో నీళ్ళు చూసి కూడా ఓదార్చలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఇది చేసేటప్పుడు మీకెక్కడ భయమేసిందండి?"

ఆలోచించి చెప్పాను. ఒకచోట బీటూ బేసూ తీసేసి, మిక్సీ చప్పుడు ఒక్కటే ఉంచాలనిపించింది. నవ్వుతారని మానేశాను.

"అది పెట్టుకు రండి."

"మిగతావండీ?"

"ఒక్కసారికి ఒక్కటేనండి. స్పీకరులోనైనా నాలుగుచోట్ల ఒకేసారి కెలికితే ఏది బాగుపడిందో మనకే తెలీదు."

తరువాతి ఆదివారం మిక్సీ ఉంచిన పాట తీసుకెళ్ళాను. నలభై ఒకటి దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ఆ రోజు స్టేషనుకు ఆటో ఎక్కకుండా నడిచే వెళ్ళాను, పిచ్చిదానిలా నాలో నేనే నవ్వుకుంటూ.

ప్రతిసారీ అలా జరగలేదు. ఒక ఏడాది వరసగా ఏడు పాటలకు లెక్క నిలిచింది. నేను వెళ్ళడం మానేశాను. ఆయనే ఫోను చేశారు. "పాట లేకపోయినా రండమ్మా, టీ తాగి వెళ్దురుగాని." చేతులూపుకుంటూ వెళ్ళడానికి సిగ్గేసి, ఎనిమిది సెకన్ల ముక్క ఒకటి పట్టుకెళ్ళాను. ఆయన దానికీ మరకు గొట్టం తొడిగారు. నాలుగు చుట్లు చుట్టారు. "నాలుగయ్యాయండి. వచ్చే వారం అయిదు చెయ్యండి" అన్నారు. అంతే. ఆరు, ఎనిమిది, పది అంటూ ఆ పాట అయ్యేసరికి వర్షాకాలం దాటిపోయింది. సంగీతం మీద ప్రేమతోనే నేను నిలబడ్డానని చెప్పుకుంటే అబద్ధం. ఆయన అంకె ముందుకు కదలకపోతే ఆదివారం ఆయనకు మొహం ఎలా చూపించాలన్న భయమే నన్ను కూర్చోబెట్టింది.

నా వల్ల జరిగిన తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. భీమడోలులో రైసుమిల్లులో పనిచేసే ఒకాయన నాలాగే పాటలు చేస్తారు. మిల్లు చప్పుళ్ళతో తన మొదటి పాట చేసి, ఎలా ఉందో చెప్పమని నాకు పంపారు. నేను ఎంతో శ్రద్ధగా పదకొండు లోపాలు రాసి పంపాను. ఆయన "చాలా థాంక్సండి" అన్నారు. ఆ తర్వాత ఏడాది పాటు ఏమీ చెయ్యలేదు. పదకొండు లోపాలు పట్టుకున్నానని గొప్పగా చెబితే బాబాయిగారు మర ఆపేశారు. ఆయన నా మీద విసుక్కోవడం అదొక్కసారే చూశాను.

"ఆయన మిమ్మల్ని వినమన్నాడా, విప్పమన్నాడా?"

"తప్పులు చెప్పకపోతే ఎలాగండి?"

"చెప్పండి. ముందు మీ చెయ్యెక్కడ ఆగిందో చెప్పండి. అది చెప్పకుండా తప్పులు చెబితే, మనిషి మొత్తం కాలిపోయాననుకుంటాడమ్మా."

ఒక మనిషి చేత పని మాన్పించగల శక్తి నా దగ్గర ఉందని తెలిసి నాకే భయమేసింది. ఆ శక్తి పిండిమర అన్నవాడికి మాత్రమే ఉందనుకునేదాన్ని.

ఇక ఆ చివరి పాట. మా మేనమామకు కొల్లేరు పక్కన చేపల చెరువుంది. చెరువులో నీళ్ళను చిలికే ఏరేటర్లు రేయింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఆ చప్పుడుకు అలవాటైన వాళ్ళకు అది వినబడదు. ఆగితేనే వినబడుతుంది. కరెంటు పోయి అవి ఆగిపోతే, గట్టు మీద అన్నం తింటున్నవాళ్ళు కంచాలు వదిలి జనరేటరు వైపు పరిగెడతారు. ఆలస్యమైతే చేపలన్నీ గాలి అందక తేలిపోతాయి. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ ఉన్నదాన్ని కనుక, ఆ నిశ్శబ్దమంటే నాకు ఇప్పటికీ భయం. ఏరేటర్ల చప్పుడు బీటుగా, గూడబాతులు నీటి మీంచి లేచే రెక్కల చప్పుడు దాని మీద పెట్టి పాట చేశాను. రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర మొత్తం ఆపేశాను. నాలుగు సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఎక్కడో దూరంగా జనరేటరు అందుకుంటుంది.

అప్పుడే ఆయనకు స్టెంటు వేశారు. నేను వరసగా అయిదు ఆదివారాలు అబద్ధమాడాను. "ఇంకా అవ్వలేదండి."

"మీకు భయమా, నా గురించి భయమా?" అని అడిగారు.

"రెండూనండి."

"డాక్టరుగారు మెట్లెక్కొద్దన్నారుగానీ పాటలు వినొద్దనలేదండి. పంపండమ్మా."

పంపాను. ఆ బుధవారం పన్నెండూ నలభై అయిదుకు విన్నట్టు ఫోన్లో గుర్తు పడింది. జవాబు రాలేదు. వచ్చింది అయిదింటికి పిన్నిగారి ఫోను.

గురువారం పొద్దున్న రైల్లో ఉంగుటూరు, పూళ్ళ, భీమడోలు, దెందులూరు ఒక్కొక్కటే దాటుతుంటే, ఏలూరు రాకపోతే బాగుండుననుకున్నాను. ఇల్లంతా ఆడవాళ్ళు. మగవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. పిన్నిగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నోటి దాకా వచ్చిన ప్రశ్న అడగలేక తిరిగి వచ్చేశాను. మూడు రోజులు స్కూల్లో ఏం చెప్పానో, ఇంట్లో ఏం తిన్నానో తెలియదు. నా పాటే ఆయన్ని చంపిందా? అదొక్కటే బుర్రలో తిరిగింది. ఆదివారం మళ్ళీ రైలెక్కాను. ఆదివారాలు వెళ్ళడం నాకు అలవాటు కదా.

కొట్టు తలుపు పిన్నిగారే తీశారు. మరకు ఒక కాయిల్ తొడిగి ఉంది, సగం చుట్టినది. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. చుడుతుండగానే పడిపోయారేమో. నా నిశ్శబ్దం దగ్గరే పడిపోయారేమో.

"పిన్నిగారూ, నా పాట వల్లేనాండి?"

ఆవిడ నన్ను విచిత్రంగా చూశారు. "అదేం మాటమ్మా? పాట వినేసి ఇంట్లోకొచ్చి అన్నం తిన్నారు. మామిడికాయ పప్పు రెండోసారి వేయించుకున్నారు. 'ఆ అమ్మాయి ఇవాళ కరెంటు తీసేసిందే' అని ఒకటే నవ్వు. ఏమిటో నాకేం అర్థం కాలేదు. ఆదివారం వస్తే చెబుతానని పడుకున్నారు. నిద్రలోనే పోయారమ్మా."

అప్పుడు దగ్గరికి వెళ్ళి చూశాను. తీగ కొస జారకుండా చిన్న టేపు ముక్క అంటించి ఉంది. పని మధ్యలో లేచి, మళ్ళీ వచ్చి కొనసాగించాలనుకున్నప్పుడు ఆయన అలా అంటించేవారు. గొట్టం మీద పెన్సిలుతో అరవై అయిదు అని రాసి ఉంది. భూతద్దం పక్కనే ఉంది. అంటే చెయ్యి ఆగాక తీరిగ్గా కూర్చుని, గోటితో లెక్కపెట్టి, రాసుకున్నారు. వణికిన చేతి అంకెలు కావవి. అరవై అయిదును రెండింతలు చేస్తే నూట ముప్ఫై సెకన్లు. రెండు నిమిషాల పది. నాలుగేళ్ళలో లెక్క తప్పాక కూడా ఆయన విప్పకుండా ఉంచిన కాయిల్ అదొక్కటే. నేను ఆ బల్ల మీద తలపెట్టి, బుధవారం నుంచీ రాని ఏడుపంతా ఏడ్చాను. పిన్నిగారు కాయిల్ తీసి, పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టారు.

ఒక భయం పోయింది. ఇంకొకటి వచ్చి దాని చోట్లో కూర్చుంది. ఇకమీదట నా పాటకు ఎవరి చెయ్యి ఆగుతుంది? ఆ ఆదివారం తిరుగు రైల్లో భీమడోలు ఆయనకు ఫోను చేసి, ఏడాది కిందటి పదకొండు లోపాలకు క్షమించమన్నాను. కొత్తది ఉంటే పంపమన్నాను. నాలుగు రోజుల తర్వాత పంపారు. నాకు కాయిల్ చుట్టడం రాదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, కాయలు లెక్కపెట్టుకుంటూ విన్నాను. మిల్లు బెల్టు జారిన చప్పుడు దగ్గర, ఇరవై మూడో కాయకు లెక్క తప్పాను. అదే రాసి పంపాను, ఇంకేమీ రాయలేదు.

చెత్తబుట్టలోంచి నా పాట తీసుకున్నాను. కాయిల్ ఇప్పుడు నా స్పీకరు మీద ఉంది, టేపు ముక్కతో సహా. టేపు దాటి బయటికి వచ్చిన తీగ కొస వేలెడంత ఉంటుంది. పాట పెడితే ఏరేటర్లు తిరిగినంతసేపూ అది సన్నగా వణుకుతూ ఉంటుంది. రెండు నిమిషాల పది దగ్గర ఆగిపోతుంది. ఆ నాలుగు సెకన్లూ నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తాను. తర్వాత దూరంగా జనరేటరు అందుకుంటుంది. తీగ మళ్ళీ కదులుతుంది.